పయం పయం అన్న పాప

అనగనగా, తమిళం తెలుగు ఒకే వీధిలో తిరిగే ఒక ఊళ్ళో చెంగమ్మ అనే అవ్వ ఉండేది. ఆమె కోడలు పూంగొడి తమిళ పిల్ల. మనవరాలు వళ్ళికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. అమ్మ దగ్గర తమిళం, అవ్వ దగ్గర తెలుగు, అన్నీ వచ్చీరాని ముద్దు మాటలే. పూంగొడి మగ్గాల షెడ్డుకు పనికి పోతే పాపను అవ్వే చూసుకునేది.

ఒకరోజు పాప వంటింట్లో పైకి చూసి "పయం, పయం" అంది. పిల్లకి భ పలకడం రాక ప అంటోంది, పాపం దేనికో భయపడింది అనుకుంది అవ్వ. అప్పుడు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది.

ఆ తర్వాత వీధిలో తోపుడుబండిని చూసి "పయం" అంది. అప్పుడు తాయెత్తు కట్టించింది.

ఆ తర్వాత పూజ దగ్గర, సాక్షాత్తు వినాయకుడి ముందు కూచుని "పయం" అని ఏడ్చింది. దేవుడన్నా భయమే అయితే ఇంకేం చేస్తాం నాన్నా? అవ్వకి ఒళ్ళు మండింది. కోడలు ఇంటికి రాగానే, "బండిని చూసినా దేవుణ్ణి చూసినా బిడ్డ భయం భయం అంటా ఉంది. రెండు బాసలు పోసి దాని బుర్ర చెడగొడతా ఉండావు. ఇంక దాంతో అరవం మాట్లాడొద్దు" అనేసింది.

పూంగొడి బిడ్డతో తమిళం మానేసింది. పనికి సరిపడా తెలుగు వచ్చుగానీ, బిడ్డను ముద్దు చెయ్యడానికి ఆ తెలుగు చాలలేదు. పాప అమ్మ నోటికేసే చూస్తూ కూచునేది. అలాంటి దిగులు ఏ తల్లికీ వద్దమ్మా.

అప్పుడు ఒక సెలవురోజు, పాప వంటింట్లో మళ్ళీ పైకి చెయ్యి చాపి "పయం" అంది. అవ్వ ఉప్పు కోసం లేచింది. పూంగొడి మాత్రం పకపకా నవ్వి, పైన వేలాడే గెలలోంచి అరటిపండు తుంచి పాప చేతికిచ్చింది.

"భయం కాదత్తా, పండు. మా తమిళంలో పండుకు చెప్పే మాట. బండి మీద, పూజలో అడిగిందీ పండే. అందులో ఒక అక్షరం నాలిక బాగా మడిస్తేగానీ రాదు. మావైపు పసిబిడ్డలు ముందు పయం అనే అంటారు. పక్కింటి తెలుగు బుడ్డోడు రా అనలేక లా అంటాడే, ఇదీ అంతే. బిడ్డకు మాటలు చెడిపోలేదు, వస్తా ఉండాయి."

ఆ తర్వాత పూంగొడి ఆ మాట సరిగ్గా పలికి చూపించింది. అవ్వ కూడా మొదలుపెట్టింది. "పలం" అంది. కోడలు తల అడ్డంగా ఊపింది. "పళం" అంది. ఊహూఁ, కాదు. మూడోసారి నాలిక తిరగేసి మరగేసి, చివరికి "పయం" అంది.

అవ్వకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "ముసలిదాన్ని, నాకే రాలేదు కదే. నువ్వు నీ బాసలోనే మాట్లాడమ్మా బిడ్డతో" అంది.

పాపకేమో అవ్వ కూడా పండు అడిగిందనిపించింది. కొరికిన పండు తీసుకొచ్చి అవ్వ నోట్లో పెట్టింది.

కథ చేరె కంచికి, పండు చేరె నోటికి, మనం చేరాం మంచానికి.