పేర్రాజుగారి మనవడి మౌనం

ఇందులో ఒక్క ముక్క కల్పన ఉన్నా నా పళ్లన్నీ రాలిపోవాలి. మిగిలినవి రెండే గనక ఈ ఒట్టు చవక అనుకునేరు. ఆ రెండింటితోనే నేను ఇప్పటికీ చెరుకుగడ నములుతాను.

ఏలేరు ఒడ్డున గవరయ్యగారి ఆశ్రమంలో వంట నాది. గవరయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న వేసినా వెంటనే బదులు చెప్పరు. భుజాన తువ్వాలు సర్దుకుని, అడిగినవాడి వెంట వచ్చినవాళ్లకేసి చూస్తారు. ప్రశ్న నోట్లో ఉంటుంది, సంగతి వెనక నిలబడి ఉంటుంది అనేవారు.

ఆయన శిష్యుల్లో పేర్రాజుగారు మహాభక్తుడు. ఆయన జపానికి కూర్చుంటే ఏలేరు వెనక్కి పారేది, నేను కళ్లారా చూశాను. ఒక్కగానొక్క మనవడు సీతాపతి పుట్టాక ఆ భక్తి సగం వాడి మీదికి మళ్లింది. బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు పంచడం మన ఇళ్లల్లో వాడుకే. ఆయన మాత్రం ఊరూరికీ పంచారు. అన్నీ వేళకే జరిగాయి. ఏడాదిన్నర వయసులో ఒక సాయంత్రం వాడు పాలగ్లాసు పక్కకి నెట్టి ‘శీ’ అన్నాడు. పేర్రాజుగారు దాన్ని ‘శివ’ అని విన్నారు. తొలిపలుకే శివనామమని పొంగిపోయి, మాట వచ్చినప్పుడు పంచవలసిన పంచదార చిలకలు నా చేత పోయించారు. ఎన్ని పోశానంటే, అవే గనక ఎగిరి ఉంటే ఆ రోజు ఆకాశం కనబడేది కాదు. నాలుగూళ్లు తిన్నాయి.

ఆ తర్వాత పిల్లవాడు మరో మాట అనలేదు.

మూడేళ్లు నిండవచ్చాయి. వెనకనుంచి పిలిస్తే బిడ్డ తిరగడం లేదు, ఒకసారి పట్నం తీసుకెళ్లి చూపిద్దాం మావయ్యగారూ అని కోడలు మంగతాయారు చెబుతూనే ఉంది. ఆయన ఒప్పుకోలేదు. మాట వచ్చిందని చిలకలు పంచిన ఇంట్లో, మాట రాలేదని ఏ నోటితో చెప్పడం? పైగా ఆయనకో వ్యాఖ్యానం దొరికింది. వీడు పూర్వజన్మలో యోగి, ఒక్క నామం పలికి మౌనం పట్టాడు అన్నారు. ఊళ్లో కొందరు ఆ పసివాడికి దణ్ణాలు పెట్టడం కూడా మొదలెట్టారు. దణ్ణం పెట్టినవాళ్లకేసి వాడు నవ్వేవాడు. వాడి తల్లి మాత్రం నవ్వడం మానేసింది.

ఒక సోమవారం పొద్దున్న ముగ్గురూ ఆశ్రమానికి వచ్చారు. పేర్రాజుగారు సాష్టాంగపడి లేచి అడిగారు: “అయ్యా, మాట గొప్పదా, మౌనం గొప్పదా? తమరు ఒక్క ముక్క సెలవిస్తే మా కోడలి బెంగ తీరుతుంది.”

గవరయ్యగారు తువ్వాలు సర్దుకున్నారు. కోడలికేసి చూశారు. ఆమె తల వంచుకుంది. సీతాపతి అప్పటికే వంటశాల వసారాలో చతికిలబడి చింతగింజలు వరస పెడుతున్నాడు. వాడికి పైనే, దూలానికి రైలుపట్టా ముక్క వేలాడుతోంది. మా ఆశ్రమంలో భోజనాల పిలుపు అదే. ఇనపకడ్డీతో నేను దాన్ని కొడితే తోటలో ఉన్నవాళ్లు కూడా పళ్లేలు పట్టుకుని వస్తారు.

“సూరమ్మా, గంట కొట్టు” అన్నారు.

ఇంకా ఎసరైనా మరగలేదన్నాను. కొట్టమన్నారు. కొట్టాను. ఆ మోతకి అవతలి ఒడ్డున ఉపవాసం ఉన్నాయన విస్తరి వేసుకున్నాడు. కాకినాడలో సముద్రం ఒక అడుగు వెనక్కి తగ్గింది. కాకులన్నీ లేచాయి. పేర్రాజుగారు ఉలిక్కిపడి చెవులు మూసుకున్నారు. పళ్లేలతో పరిగెత్తుకొచ్చిన శిష్యులు, అన్నం లేదని చూసి నన్ను దులపబోయి, ఆగిపోయారు. అందరి చూపూ ఒక్కచోటికే పోయింది.

ఇక్కడ పెంచి చెప్పడానికి నాకేమీ లేదు. సీతాపతి గింజ పక్కన గింజ పెడుతున్నాడు. తల ఎత్తలేదు.

మంగతాయారు ఏడవలేదు. ఇన్నాళ్లూ ఒక్కతీ మోస్తున్నదాన్ని పదిమందీ చూసినప్పుడు మనిషి ఎలా నిలబడుతుందో, అలా నిలబడింది. పేర్రాజుగారు మాత్రం, నిష్ఠలో ఉన్నవాడికి బయటి చప్పుళ్లు అంటవు కదా అన్నారు. ఆ మాట ఆయనే నమ్మినట్టు లేదు.

గవరయ్యగారు వెళ్లి పిల్లవాడి ఎదుట కూర్చున్నారు. ఆయన కనబడగానే వాడు నవ్వి, ఒక చింతగింజ ఆయన చేతిలో పెట్టాడు. ఆయన వాణ్ని ఎత్తుకుని, మళ్లీ మెల్లగా కొట్టమని నాకు సైగ చేసి, వాడి అరచేతిని ఆ ఇనుముకి ఆనించారు. పిల్లవాడి కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి తీసి చూసుకున్నాడు. మళ్లీ ఆనించాడు. ఆ వణుకు ఎవరు పంపుతున్నారో తెలుసుకోవాలన్నట్టు ఒక్కొక్కరి ముఖమే వెతుక్కుంటూ వచ్చి, తాత ముఖం దగ్గర ఆగాడు.

పేర్రాజుగారు అక్కడే కూలబడ్డారు. నాలుగూళ్లకి చిలకలు పంచానయ్యా, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తిరగను అన్నారు.

“తిన్నవాళ్లకి అవి ఎప్పుడో అరిగిపోయాయి” అన్నారు గవరయ్యగారు.

పిల్లవాణ్ని తాత ఒళ్లో పెట్టి, కాకినాడ బస్సు వచ్చే వేళయిందనీ, చెవుల డాక్టరు దగ్గరికి ఇవాళే వెళ్లాలనీ చెప్పారు. మనవణ్ని ఎత్తుకుని లేచారు గానీ పేర్రాజుగారికి అడుగు పడలేదు. బిడ్డ సంగతి ఎప్పటినుంచి తెలుసని డాక్టరు అడిగితే ఏం చెప్పాలి అని అడిగారు.

“నువ్వేమీ చెప్పకు. కోడలు చెబుతుంది. పక్కన కూర్చుని విను.”