ఉయ్యాల కొక్కెం

ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కారు బ్రహ్మయ్యగారు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో ఒకచోటికి బయలుదేరడం ఆయన అలవాటు. అందుకే రేపల్లెలో సాయంత్రాలు ఆయన అరుగు మీద వేదాంతం వినే శిష్యులు చెప్పులు చేతికందేలా విడిచి కూర్చునేవారు.

"గురువుగారూ, నలుగురు నాలుగు మాటలు చెబుతుంటే వాటిలో నిజమేదో తెలిసేదెలా?" అని ఒకనాడు పాండురంగారావు అడిగాడు.

వినడానికి వేదాంతంలా ఉన్నా, అది ఇంటి బేరం. పాండురంగారావు అద్దె వాటాలో మంచం వాలిస్తే నడవడానికి దారుండదు. అమ్మాయి పురిటికి వచ్చేలోగా సొంతింట్లో చేరాలని భార్యాభర్తలు ఆశపడ్డారు. అమ్మకానికున్న మస్తాన్‌రావు ఇల్లు చూడగానే ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. చిక్కంతా హాలుతోనే వచ్చిపడింది. వాస్తు కోసం వంటిల్లు ఆగ్నేయానికి జరిపించినప్పుడు, మస్తాన్‌రావు నడిమి గోడ తీయించి హాలు పెద్దది చేశాడు. అనుమతి మాట తలపెట్టలేదు. మునిసిపాలిటీకి ఇచ్చిన ప్లానులో ఆ గోడ నిక్షేపంగా ఉంది, ఇంట్లో లేదు. దాని మీద నిలబెట్టిన మేడగది మాత్రం అలాగే ఉంది.

గోడ తీశాకే ఇంటికి కళ వచ్చిందన్నాడు సిద్ధాంతి. "అది బరువు మోసే గోడ మావయ్యా, కింద దూలమన్నా పెట్టకుండా పీకేశారు" అన్నాడు ఇంజనీరైన మేనల్లుడు. ఇన్నేళ్ళలో సన్నటి బీట కూడా రాలేదని మస్తాన్‌రావు ఒట్టేశాడు. ఊళ్ళో సగం ఇళ్ళు ఇలాంటివేనని బేరం కుదిర్చినవాడు నవ్వేశాడు. ఎవరు మాట్లాడుతున్నంతసేపు వాళ్ళదే నిజమనిపించేది పాండురంగారావుకి. ఇంటికొచ్చాక తల పట్టుకునేవాడు. మర్నాటి సాయంత్రం అడ్వాన్సు ఇస్తానని మాటిచ్చాడు, అది గుర్తొస్తే అన్నం సయించడం లేదు.

"పొద్దున్నే వెళ్ళి చూసొద్దాం" అన్నారు గురువుగారు ఇదంతా విని.

వెళ్ళారు. ఆయన గోడలు తట్టలేదు, ప్లాను అడగలేదు. హాలు నడుమ నిలబడి పైకి చూశారు. గోడ తీసిన చోట కప్పుకి ఉయ్యాల కొక్కెం ఉంది. గొలుసు ఒరుసుకున్న జాడ లేదు, దానికి పూసిన రంగు రంగుగానే ఉంది. మస్తాన్‌రావు తన ఇంటి గొప్పలు చెబుతుండగానే భోజనాల వేళయింది. పెద్దాయన్ని పస్తు పంపడం బాగుండదని అతని భార్య ఆదిలక్ష్మి విస్తళ్ళు తెచ్చింది.

"ఇక్కడే వెయ్యమ్మా, గాలి బాగా వస్తోంది" అన్నారు గురువుగారు, కొక్కెం కింద చోటు చూపిస్తూ.

ఆవిడ విస్తళ్ళు పట్టుకుని మొగుడి ముఖం చూసింది. "అక్కడొద్దులెండి. గోడ పక్కన కూర్చోండి. మేమూ అక్కడే తింటాం."

"దానికి చాదస్తం లెండి" అన్నాడు మస్తాన్‌రావు.

"అయితే నువ్వు కూర్చో నాయనా, నీ పక్కన నేను కూర్చుంటాను."

మస్తాన్‌రావు నవ్వబోయి ఆగాడు. తనకింకా ఆకలి వేయడం లేదన్నాడు. గురువుగారు గోడ పక్కకే జరిగి, గోంగూర పచ్చడి మారు అడిగి మరీ వేయించుకుని తిన్నారు.

తిరిగొచ్చేటప్పుడు పాండురంగారావుకి మరీ అయోమయంగా ఉంది. ఆవిడది చాదస్తమే కావచ్చు. ఆడవాళ్ళ భయాలు చూసి ఇల్లు వదులుకుంటారా? అలాగని భయం లేకపోతే మస్తాన్‌రావు ఎందుకు కూర్చోలేదు? నిజంగానే ఆకలి లేదేమో. ఇప్పుడు విన్న మాటలు నాలుగు కాదు, ఆరు. సాయంత్రం ఏం చెప్పాలో పాలుపోక, నోరు విడిచి అడిగేశాడు.

"మీరే ఒక్కమాట చెప్పండి గురువుగారూ, కొనమంటారా, వద్దంటారా?"

గురువుగారు ఆ ప్రశ్న విననట్టే నడిచారు. "మీ అమ్మాయికి బిడ్డ పుడితే ఉయ్యాల ఎక్కడ కడతావు?"

"తూర్పు గదిలోనండీ, కిటికీ పక్కన" అన్నాడు పాండురంగారావు తడుముకోకుండా. ఇల్లు చూసిన మొదటి రోజే మనసులో అనుకున్న చోటది.

"హాల్లో కొక్కెం ఉందిగా. గాలి కూడాను."

పాండురంగారావు నడుస్తూ నడుస్తూ అక్కడే ఆగిపోయాడు. ఇల్లు చూసిన ఆ మొదటి రోజుకి సిద్ధాంతీ రాలేదు, మేనల్లుడూ రాలేదు. గోడ సంగతి ఎవరూ ఇంకా ఎత్తనేలేదు.

గురువుగారు వెనక్కి తిరిగి చూశారు.

"నలుగురి మాటా చెప్పావు సరే. ఉయ్యాల అక్కడ కట్టొద్దని నీకు చెప్పిందెవరు?"