దారికి కట్టిన తలపాగా

అనగనగా ఒక కొండ. కొండ కింద ఒక అడవి. అడవి అంచున జీలుగుబండ అనే ఊరు. ఆ ఊళ్ళో విత్తేది మనుషులు, తినేది పందులు.

వేరుశనగ ఊడ దిగి కాయ పట్టిందంటే చాలు, పొద్దు వాలగానే అడవిపందుల మంద వచ్చిపడేది. ముట్టెలతో చాళ్ళకు చాళ్ళు తిరగేసేది. తెల్లారి రైతు పోయి చూస్తే చేను ఉండేది, పంట ఉండేది కాదు.

జనం పోయి ఆ సీమ పాలెగాడు రంగప్పనాయుడికి మొరపెట్టుకున్నారు. నాయుడు మంచివాడే. కానీ చెయ్యి కొంచెం బిగువు. కోటలోని పెద్ద తుపాకులు తీయడానికి మనసొప్పలేదు. కౌజుపిట్టల కోసం చేయించిన చిన్న తుపాకులు మూడు తెచ్చి ముందు పెట్టాడు. వాటి గొట్టంలో చిటికెన వేలు దూరదు. గుండు రేగుగింజంత.

"వీటితో కొట్టేది పందులనా సామీ, దోమలనా?" అంది లింగక్క. ఊళ్ళో అందరికంటే ముందు నోరు తెరిచేది ఆమే.

నాయుడు నవ్వాడు. "చిన్న తుపాకికి పెద్ద ఓపిక కావాలి లింగక్కా. పంట ఇల్లు చేరేదాకా మచ్చ పడకుండా వేటాడినవాడికి నా వేటకొమ్ము ఇస్తాను. వాడే వేటపెద్ద. వాడు కొమ్ము ఊదితే వేట. వాడు వద్దంటే నేనైనా ఆగుతాను."

మచ్చ అంటే ఏమిటో ఆ ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు.

అడవిపంది బంక కారే చెట్లకు ఒళ్ళు రాసుకుంటుంది. బురదలో పొర్లుతుంది. మళ్ళీ రాసుకుంటుంది. అలా ఏళ్ళ తరబడి దాని భుజం మీద డాలు లాంటి పెచ్చు కడుతుంది. చిన్న గుండు అక్కడ తగిలితే పంది చావదు, మండిపడుతుంది. అందుకని పెద్దలు ఒక మాట చెప్పారు: ఇరవై అడుగుల లోపల, చెవి వెనుక. కుదరకపోతే తుపాకి దించు.

తొందరపడి కొట్టి, పంది గాయంతో పారిపోతే దానికీ ఒక కట్టుబాటు ఉంది. కొట్టినవాడు తన తలపాగా విప్పి అడవిదారికి అడ్డంగా కట్టాలి. పందిని వెతికి చంపేదాకా ఆ గుడ్డ దాటి ఎవరూ పోరు. కట్టినవాడికి మాంసంలో వాటా లేదు, ఆ ఏడు వేట లేదు. అదీ మచ్చ.

మూడు తుపాకులు ముగ్గురు తీసుకున్నారు.

మొదటివాడు తిప్పడు. పొద కదిలిందని పేల్చాడు. పొదలో ఉన్నది వాళ్ళ మామ బర్రె. అది బతికింది గానీ తిప్పడి పరువు బతకలేదు. తుపాకి కోటకు పోయింది.

రెండోవాడు కాటమయ్య. పందిని చూడనంతవరకు వీరుడు. చూడగానే చెట్టెక్కాడు. తుపాకి కిందే ఉంది. పంది దాన్ని మూచూసి, పక్కనే చిక్కుడుకాయలు తిని పోయింది. ఆ తుపాకీ కోటకు పోయింది.

మూడోవాడు గిడ్డయ్య. ఇరవై నాలుగేళ్ళవాడు. ఓపిక ఉంది, గురి ఉంది. పంటకాలమంతా చెవి వెనుకే కొట్టాడు. ఏడు పందులు, ఏడు గుండ్లు. "ఇంక కొమ్ము గిడ్డయ్యదే" అంది ఊరు.

గిడ్డయ్య తల్లి సుంకమ్మ. ఆమెది తక్కువ మాట. కుడికాలు ఈడుస్తూ నడుస్తుంది. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు, నీళ్ళకు పోయిన దారిలో ఒక పంది తొడ చీల్చింది. దాని ఒంట్లో అప్పటికే ఎవరిదో గుండు ఉంది. ఎవరిదో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు దారికి ఏ తలపాగా కట్టి లేదు.

కొమ్ము ఇచ్చే రోజు దగ్గరపడింది. రేపనగా, సాయంత్రం గిడ్డయ్య అడవికి బయలుదేరాడు. ఆ అడవిలో ఏకలం ఒకటి ఉంది. మందతో కలవని ముసలి మగపంది. కోరలు కొడవళ్ళు. ఆ కోరలు చేతబట్టుకుని కొమ్ము అందుకోవాలని అతని ఆశ.

పొద్దు కొండ మీద ఉండగానే ఏకలం కనబడింది. ఇరవై అడుగులు కాదు, అరవై. చెవి కాదు, భుజం. తుపాకి దించాల్సింది. గిడ్డయ్య పేల్చాడు.

పంది కూలలేదు. ఒక్కసారి గుర్రుమని పొదల్లోకి దూరింది. గిడ్డయ్య కొంతదూరం వెతికాడు. వెలుతురు పోయింది. తిరిగి వచ్చాడు.

తల్లి సంగటి పెట్టింది. అతను ముద్ద చిదిమాడు, తినలేదు.

"ఏమైందిరా?"

"ఏం కాలేదమ్మా. ఆకలి లేదు."

ఆమె తుపాకి గొట్టం వాసన చూసింది. మందు వాసన.

"కొట్టినావా?"

"కొట్టినా. బెదిరి పోయింది."

అంతలో అతని వెంట అడవికి పోయిన కుక్క ఎర్రోడు వచ్చి వాకిట్లో పడుకుంది. సుంకమ్మ వంగి దాని మూతి ఎత్తింది. పళ్ళ సందున గట్టి వెంట్రుక ఒకటి. మూతికి రక్తం.

"తగిలిందా?"

"తగల్లేదంటే వినవేందమ్మా!"

మూడుసార్లు అడిగింది. మూడుసార్లు విన్నది. కంచం తీసింది.

తెల్లవారింది. గిడ్డయ్య ఇంకా లేవలేదు. సుంకమ్మ చిలక్కొయ్యకు ఉన్న కొడుకు తలపాగా తీసుకుంది. కాలు ఈడ్చుకుంటూ అడవిదారికి పోయింది. ఈ పక్క మద్ది చెట్టుకు ఒక కొస, ఆ పక్క మద్ది చెట్టుకు ఒక కొస కట్టింది. ఆ దారి పోయేది ఊటకు. దెబ్బ తిన్న పంది నీళ్ళను వదలదు. ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

గుడ్డ ముందు కూర్చుంది.

మొదట వచ్చింది లింగక్క, వెనకాల చీపురుగడ్డి కోసే ఆడవాళ్ళు.

"ఏందక్కా ఇది? నిన్నటిదాకా లేని గుడ్డ! ఎవరిది?"

"దాటొద్దు లింగక్కా."

"గడ్డి ముదిరిపోతుంది. దాటకపోతే నా ఇల్లు నువ్వొచ్చి ఊడుస్తావా?"

"ఊడుస్తా. దాటొద్దు."

లింగక్క గుడ్డను తేరిపార చూసింది. గళ్ళ అంచు గుర్తుపట్టింది. ఆ నోరు మొదటిసారి మూతపడింది.

తర్వాత మేకల ఓబయ్య వచ్చాడు. మేకలకు కట్టుబాట్లు తెలియవు. అవి గుడ్డ కింద దూరబోయాయి. సుంకమ్మ కట్టెతో మళ్ళించింది.

"మేకలు ఆకలిగా ఉండాయి వదినా!"

"ఉండనీ. ప్రాణంతో ఉండాయి కదా."

మూడోసారి డప్పుల మోత వినబడింది. నాయుడు గుర్రమెక్కి వస్తున్నాడు. ఊటగట్టు మీద కొమ్ము ఇవ్వడం వాళ్ళ తాతల నాటి ఆనవాయితీ. పక్కన గిడ్డయ్య, కొత్త పంచె కట్టి, తలకు పాగా లేకుండా. దాని కోసం ఇల్లంతా వెతికి వచ్చాడు. ఇప్పుడు కనబడింది. ముఖం పాలిపోయింది.

నాయుడు గుర్రాన్ని ఆపాడు. "ఎవరిదమ్మా తలపాగా?"

"నా కొడుకుది, సామీ."

డప్పులు ఆగిపోయాయి.

"గిడ్డయ్యా, పందికి తగిలిందా?"

అవునంటే కొమ్ము పోతుంది. కాదంటే తల్లి అబద్ధాలకోరు అవుతుంది. గిడ్డయ్య నేల చూశాడు.

"తగల్లేదు సామీ. మా అమ్మకు ఆ కాలు దెబ్బతిన్నప్పటి నుంచి పంది పేరెత్తితే భయం. అంతే."

ఎవరో కిసుక్కున నవ్వారు. సుంకమ్మకు కోపం రాలేదు. మెల్లగా లేచి, ముడి విప్పింది. తలపాగా మడిచి కొడుకు చేతిలో పెట్టింది.

"తగల్లేదన్నావు కదా. సరే. అయితే నేనే ముందు పోతా."

దారిలోకి తిరిగింది.

ఒక అడుగు వేసింది. కాలు ఈడ్చిన గీత దుమ్ములో పడింది.

రెండో అడుగు వేసింది. ఎవరూ నవ్వలేదు.

మూడో అడుగు ఎత్తింది.

"అమ్మా! ఆగు! తగిలింది! నాదే, నాదే ఆ గుండు!"

గిడ్డయ్య పరుగెత్తి ఆమె ముందుకు వచ్చి చేతులు చాచి నిలబడ్డాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే తలపాగా తీసుకుపోయి తన చేత్తో మళ్ళీ రెండు చెట్లకూ కట్టాడు. ముడి రెండుసార్లు జారింది. మూడోసారి పడింది.

తుపాకి తీసుకున్నాడు. ఎర్రోణ్ణి పిలిచాడు. గుడ్డ దాటి ఒక్కడే పోయాడు.

ఊరంతా గుడ్డ ఇవతల నిలబడింది. సుంకమ్మ కూర్చుంది.

కుక్క మొరిగింది. చాలాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత పిట్ట తుపాకి ఒక్కసారి పేలింది. ఎండుపుల్ల విరిగినంత చప్పుడు, అంతే.

గిడ్డయ్య తిరిగి వచ్చాడు. మోచేయి గీరుకుపోయి ఉంది. "చెవి వెనుక కొట్టినా," అన్నాడు.

అందరూ పోయి చూశారు. ఊట పక్కన పులికంప పొదలో ఏకలం పడి ఉంది. తల దారివైపు ఉంది. పొద్దుటి నుంచి అది దున్నిన నేల అక్కడ నల్లగా లేచి ఉంది. దారికి ఆ పొదకు నడుమ నాలుగే అడుగులు.

లింగక్క తన గంప వైపు చూసుకుంది. ఆ పొద పక్కగానే ఆమె రోజూ అందరికంటే ముందు నడిచేది. తిరిగి వచ్చి సుంకమ్మ పక్కన కూర్చుంది.

గిడ్డయ్య తుపాకి తెచ్చి నాయుడి గుర్రం ముందు పెట్టాడు. "మచ్చ పడింది సామీ. ఈ ఏడు నాకు వేట లేదు, వాటా లేదు."

"మరి కొమ్ము ఎవరికివ్వాలి?" అన్నాడు నాయుడు.

"గుడ్డ కట్టినవాళ్ళకు ఇవ్వండి," అంది లింగక్క. నోరు మళ్ళీ తెరుచుకుంది.

నాయుడు గుర్రం దిగి కొమ్ము సుంకమ్మ ముందు పట్టాడు. ఆమె చేతులు కట్టుకుంది.

"నాకు ఊదడం రాదు సామీ."

"ఊదడం ఎవరికైనా వస్తుంది. ఆపడం నీకొచ్చు. తీసుకో."

ఆమె తీసుకుంది. వేటపెద్దగా ఆమె మొదటి తీర్పు, కొడుకు తన నోటితో చెప్పుకున్నదే. ఏడాది వేట లేదు.

ఇంటికి వచ్చాక తలపాగా ఉతికింది. ఎండలో ఆరేసింది. ఆరాక కొడుకుకు ఇచ్చింది.

"కట్టుకో. మురికి పోయింది."

ఆ రోజు గిడ్డయ్య సంగటి రెండు ముద్దలు తిన్నాడు.

మరుసటి ఏడు పంటకాలంలో అతని చేతికి మళ్ళీ తుపాకి వచ్చింది. ఒక సాయంత్రం గురి తప్పి, పంది గాయంతో పారిపోయింది. చుట్టూ ఎవరూ లేరు. ఎవరూ చూడలేదు. కానీ తెల్లారి లింగక్క గంప ఎత్తుకుని వచ్చేసరికి, రెండు మద్ది చెట్ల నడుమ గళ్ళ అంచు తలపాగా గట్టిగా ముడివేసి ఉంది.

కొట్టిన దెబ్బను దాచిపెడితే, అది దారిన పోయేవాళ్ళకు తగులుతుంది.