కొట్టేసిన ఆదివారం

అనంతయ్యగారి ఆశ్రమంలో ఒక పద్ధతి ఉంది. ప్రశ్న తెచ్చినవాళ్ళు ముందు బెండ మడులకు నీళ్ళు పోయాలి. సగం ప్రశ్నలు అక్కడే ఇంకిపోతాయని ఆయన నమ్మకం. భార్గవ్ ఆ ఉదయం ఆరు మడులూ పావుగంటలో తడిపేశాడు. ప్రశ్న మాత్రం ఇంకలేదు.

"గురువుగారూ, మా పాపను చూసుకోవడానికి అమ్మ కుట్టుమిషన్ కట్టిపెడతానంటోంది. దాని మీద నెలకు తొమ్మిది వేలు వస్తాయి. నేను పన్నెండు ఇస్తాను, మా కంపెనీలో అందరికీ ఇచ్చినట్టే నియామక పత్రంతో. లెక్క సరిపోయింది. కానీ ఆ కాగితం చేతిలో పెట్టాక ఆమె పాపకు నానమ్మగా మిగులుతుందా?"

అనంతయ్యగారు అతణ్ణి అరుగు మీద కూర్చోమని, రాజోలులో జరిగిన ఒక సంగతి చెప్పారు.

అక్కడ పద్మలత అనే అమ్మాయికి కాగితం ప్లేట్లు చేసే షెడ్డు ఉంది. బిడ్డ పుట్టాక మూతపడిన షెడ్డును సోమవారం మళ్ళీ తెరవాలి. బిడ్డను చూడమని తల్లి నూకరత్నాన్ని అడిగింది. నూకరత్నం ఇరవై రెండేళ్ళు జీడిపిక్కలు కొట్టిన మనిషి. వేళ్ళ మీద ఆ నల్లటి మరకలు ఇప్పటికీ పోలేదు. పద్మలత షెడ్డులో వాడే నియామక పత్రమే తెచ్చి, తల్లి పేరు రాసింది, జీతం రాసింది. వారపు సెలవు అన్న వరుసను మాత్రం కొట్టేసింది. ఇంటి మనిషికి సెలవేమిటని ఆమె ఉద్దేశం.

నూకరత్నం కాగితం చదివి, సంతకం పెట్టకుండా పక్కన పెట్టింది.

"జీతం కావాలంటే తగ్గించు. ఆదివారం రాయి."

"నా బిడ్డను చూడ్డానికి కూడా నీకు సెలవు కావాలా అమ్మా?"

తల్లి కలం ఆమె వైపు జరిపింది. పద్మలత కళ్ళు తుడుచుకుని ఆదివారం రాసింది. ఆ సంగతి విని మేనత్త వచ్చి, "కన్నతల్లిని పనిమనిషిని చేసిందా నీ కూతురు?" అని దెప్పింది. "పనిమనిషికి ఆదివారం ఎవరిచ్చారు వదినా?" అంది నూకరత్నం.

ఆరు రోజులూ ఆమె తొమ్మిదింటికి పెరటి గుమ్మం గుండా వచ్చింది, అయిదున్నరకు వెళ్ళింది. కూతురు రాసిచ్చిన చీటీ ప్రకారమే బిడ్డకు తిండి పెట్టింది. శనివారం సాయంత్రం రేపటి మాట ఎత్తకుండానే చెప్పులు వేసుకుంది.

ఆదివారం పొద్దున బిడ్డ నాలుగుసార్లు పెరటి గుమ్మం దాకా పాకి వెళ్ళింది. పద్మలత రెండుసార్లు ఫోను తీసి పెట్టేసింది. తన చేత్తో రాసిన కాగితమే తల్లిని దూరం చేసిందనుకుంది.

పదిన్నరకు వీధి తలుపు గంట మోగింది. ఇస్త్రీ చీరలో, చేతిలో సున్నుండల డబ్బాతో నూకరత్నం. లోపలికొచ్చి, వంటింటి వైపు చూడనైనా చూడకుండా ముందుగదిలో కుర్చీలో కూర్చుంది.

"ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వరా మీ ఇంట్లో?"

పద్మలత నీళ్ళు తెచ్చేలోపు బిడ్డ అమ్మమ్మ ఒళ్ళో ఉంది. మూతి నిండా సున్నుండ పొడి.

"అమ్మా! తీపి వద్దని చీటీలో రాశాను కదా!"

"ఆ చీటీ సంగతి సోమవారం చూసుకుంటాను. ఇవాళ నేను చుట్టాన్ని. ఆ పాలసీసా నువ్వు కడుక్కో."

అనంతయ్యగారు అక్కడితో ఆపారు. భార్గవ్ కాసేపు లోలోపల కూడికలు, తీసివేతలు చేసుకున్నాడు.

"అయితే కాగితం ఇమ్మంటారా, వద్దంటారా గురువుగారూ?"

"ఏదీ, చూడనీ."

భార్గవ్ జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. పేరు ఉంది, పన్నెండు వేలు ఉంది. కింద వారపు సెలవు వరుస మీద స్కేలు పెట్టి గీసిన తిన్నని గీత. ఇద్దరూ దానివైపే చూశారు.

అనంతయ్యగారు కాగితం తిరిగి అతని చేతిలో పెట్టారు. "ముందు ఆ గీత తీసెయ్. తర్వాత ఒక ఆదివారం, మీ వీధి తలుపు ఎవరు కొడతారో చూడు."