ఎర్రతాడు చుట్టిన మూడు పుట్టీలు

అనగనగా ఒక రాజ్యం. ఏడు సముద్రాల అవతల కాదు, ఒక్క ఏటికి అవతలే. ఆ రాజ్యంలో రాజుగారి చేతిలోనూ ఫోను ఉండేది, మేకలు కాసుకునేవాడి చేతిలోనూ ఫోను ఉండేది.

అందరి ఫోనుల్లోనూ చుక్కల పలక అని ఒకటి ఉండేది. ఎవరి దగ్గరైనా సరుకు కొని, అది నచ్చితే పలక మీద అయిదు చుక్కలు పెట్టి నాలుగు మంచి మాటలు రాసేవారు. నచ్చకపోతే ఒక్క చుక్క పెట్టి, కడుపులో ఉన్నదంతా కక్కేసేవారు. చదివినవాళ్ళకు ఆ మాట సరే అనిపిస్తే దాని కింద ‘నిజం’ అని నొక్కేవారు. ఎక్కువమంది నిజమన్న మాట పైకి లేచేది, తక్కినవి కిందికి జారిపోయేవి. పెళ్ళికొడుకును చూడబోయినా, వంకాయలు కొనబోయినా పలక చూడనిదే ఆ రాజ్యంలో ఎవరూ గడప దాటేవారు కారు.

ఆ ఏటి ఒడ్డున మద్దిలేటి అని ఒక పనివాడు ఉండేవాడు. పుట్టీలు కట్టడం అతని వృత్తి. పుట్టి అంటే ఏరు దాటే గుండ్రని పడవ. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున గట్టి గుడ్డ బిగించి, దాని మీద తారు పూస్తారు. మొదటి పూత ఎండాక రెండోది, రెండోది ఎండాక మూడోది. పూతకూ పూతకూ మధ్య పనివాడు చేతులు కట్టుకుని కూర్చోవాలి. పనిలో కష్టమైన భాగం అదే.

మద్దిలేటి పని తెలిసినవాడు. పలక మీద అతనికి మంచి చుక్కలే ఉండేవి. అయితే ఒక ఏడాది తిరునాళ్ళ ముందు మూడు పుట్టీలు తక్కువపడ్డాయి. ఆ రోజు సన్నగా తుంపర పడుతోంది. పూత ఆరలేదని వేలికి తెలుస్తూనే ఉంది. అయినా “ఏం కాదులే” అనుకున్నాడు. ఎంతటి పనివాడినైనా నడి ఏట్లో దింపే మాట ఇదే. పచ్చి పూత మీదే రెండో పూత పూశాడు, దాని మీద మూడోదీ కానిచ్చాడు. చూపుకు ఏ లోటూ లేకుండా ఆ మూడింటి అంచులకూ ఎర్రతాడు చుట్టి తిరునాళ్ళకు మోయించాడు.

ఒకటి చేపలు పట్టే ఉరుకుందు కొన్నాడు. ఒకటి మేకలు కాసే గిడ్డయ్య కొన్నాడు. మూడోది ఎవరో ఆడమనిషి కొంది. డబ్బు చేతిలో పెట్టి, పుట్టిని బోర్లించి నెత్తిన ఎత్తుకుని, జనంలో కలిసిపోయింది. ఏ ఊరో, ఏ పేరో అతను అడగలేదు.

నెల తిరగకుండానే పలక మీద ఒక్క చుక్కతో ఒక మాట పడింది. “మద్దిలేటి దగ్గర కొన్న ఎర్రతాడు పుట్టి నడి ఏట్లో కారింది. వల పోయింది. ఈదుకుంటా వచ్చి బతికినా. - ఉరుకుందు.”

సరిగ్గా ఆ వారమే రాజుగారు దండోరా వేయించారు. వరదల కాలానికి నలభై పుట్టీలు కావాలి. పున్నమి నాటికి ఎవరి చుక్కలు మిన్నగా ఉంటే ఆ పని వారికే.

నలభై పుట్టీలంటే మాటలా! మద్దిలేటి జన్మలో అంత పెద్ద పని రాలేదు. ఉరుకుందు మాట చదివి అతను కంచం ముందు నుంచి లేచిపోయాడు.

భార్య సుంకులమ్మ అడిగింది. “ఆయప్ప రాసింది నిజమేనా?”

“ఆ దినం తుంపర పడింది గదా. పూత ఆరలేదు.”

“మరి తక్కిన రెండింటి మాటేమి?”

“పున్నమి కానీ. అప్పుడు చూద్దాం,” అన్నాడు మద్దిలేటి. సుంకులమ్మ లోపలికి వెళ్ళింది.

కష్టంలో ఉన్నవాడి ఇల్లు కావలసినవాళ్ళకు దొరకదు గానీ, అక్కర్లేనివాళ్ళకు ఇట్టే దొరుకుతుంది. మర్నాడే ఒక పెద్దమనిషి గుమ్మంలో నిలబడ్డాడు. జరీ అంచు పంచె, వేలికో ఉంగరం, చేతికో ఫోను. పేరు వసంతశేఖరుడు. వృత్తి పేర్ల వ్యాపారం.

“మునిగిన పేరు తేలుస్తాను, తేలిన పేరు ఎగరేస్తాను,” అన్నాడాయన. “దిగులుపడకండి మద్దిలేటిగారూ. మూడే మూడు పనులు. మీరు నోరు మెదపకుండా ఉంటే చాలు.”

మొదటి పనిగా వసంతశేఖరుడు వందమంది చేత పొగడ్తలు రాయించాడు. తెల్లారేసరికి పలక మీద వంద మాటలు, అన్నింటికీ అయిదేసి చుక్కలు. “ఇంత బాగా తేలే పుట్టిని ఎన్నడూ ఎరుగం,” అని ఒకరు. “మా ఇంటిల్లిపాదీ దీన్నే వాడుతున్నాం,” అని ఇంకొకరు. “చక్రాలు మెత్తగా తిరుగుతున్నాయి,” అని మరొకరు. పుట్టికి చక్రాలేమిటని సుంకులమ్మ ముక్కున వేలేసుకుంది. అయినా చుక్కలు చుక్కలే. ఎవరూ అంత లోతుగా చదవలేదు.

రెండో పనిగా ఆ వందమందీ ఒకరి మాట కింద ఒకరు ‘నిజం’ నొక్కారు. పొగడ్తలన్నీ పైకి లేచాయి. ఉరుకుందు మాట ఎంత వెతికినా కనబడనంత అడుక్కి పోయింది.

మూడో పని చెప్పినప్పుడు మద్దిలేటి కాస్త నసిగాడు. వెతికి వెతికి ఎవరైనా ఉరుకుందు మాట చదివితే నమ్మకుండా ఉండాలి గనక, దాని పక్కన “తాగి ఏట్లో పడ్డవాడి కూతలు” అని రాయించాలట.

“ఉరుకుందు తాగడు సామీ. కల్లు వాసనే గిట్టదు,” అన్నాడు మద్దిలేటి.

“తాగుతాడని మీరు అనడం లేదు కదా. ఎవరో అంటున్నారు. మీరు వద్దనకండి, అంతే,” అన్నాడు వసంతశేఖరుడు.

మద్దిలేటి వద్దనలేదు. వద్దనకపోతే ఔనన్నట్టేనని అతనికి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు.

చుక్కలు జోరుగా పెరిగాయి. పున్నమి ఇంకా పది రోజులుంది. “తక్కిన రెండింటి మాటేమి?” అని సుంకులమ్మ ఇంకోసారి అడిగింది. గిడ్డయ్య ఉండేది పక్క ఊరే, ఒక పూట నడిస్తే చాలు. కానీ నడిచి వెళ్ళి చెబితే నలుగురికీ తెలుస్తుంది. తెలిస్తే నలభై పుట్టీలు పోతాయి. మద్దిలేటి నడవలేదు.

నాలుగో రోజు గిడ్డయ్యే వచ్చాడు. ఒళ్ళంతా బురద, భుజాన తడి కంబళి. అరుగు మీద కూలబడ్డాడు.

“నాలుగు మేకలు పోయినాయి మద్దిలేటన్నా,” అన్నాడు. “నడి ఏట్లో నీళ్ళెక్కినాయి. నేను అంచు పట్టుకొని తేలినా. జీవాలు తేలలేకపోయినాయి.”

మద్దిలేటి నీళ్ళ చెంబు తెచ్చి అతని ముందు పెట్టాడు.

“తప్పు నాదేలే,” అన్నాడు గిడ్డయ్య. “మూడు దినాల కిందట అడుగున చెమ్మ కనిపించింది. అనుమానమొచ్చి పలక చూసినా. వందమంది బాగుందని రాసినారు. అంతమంది అబద్ధం చెప్తారా, నా కండ్లదే పొరపాటనుకొని ఎక్కినా. మేకలు కూడా ఒకటి ఎక్కువే ఎక్కించినానేమో. నీ పని వంక పెట్టేది కాదు గదా, కొంచెం తారు పూసిస్తావా?”

గిడ్డయ్య తిట్టి ఉంటే మద్దిలేటి ఓర్చుకునేవాడు. కాలరు పట్టుకున్నా ఓర్చుకునేవాడు. తన అబద్ధాన్ని నమ్మి, కళ్ళతో చూసిన నిజాన్ని కాదనుకుని, మేకల్ని పోగొట్టుకుని, పైగా తప్పు తనదేనంటున్న మనిషి ఎదురుగా నిలబడలేక తల వంచుకున్నాడు.

“నీ కండ్లు సరిగ్గానే చూసినాయి గిడ్డన్నా. పూత పచ్చిగా ఉన్నప్పుడు పూసినా. ఉరుకుందు చెప్పిందే నిజం. ఆ వంద మాటలూ రాయించినవి. నాకు ముందే తెలుసు, వచ్చి నీకు చెప్పలే.”

గిడ్డయ్య అతన్ని చూశాడు. తర్వాత లేచి, కంబళి పిండుకుని వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది మూడో పుట్టి. అది ఏ రేవులో ఉందో, దాంట్లో ఎందరు ఎక్కుతున్నారో ఎవరికీ తెలియదు. పైన కొండల్లో వానలు మొదలయ్యాయి. ఆ ఆడమనిషికి చెప్పే దారి ఒక్కటే ఉంది, అది చుక్కల పలక.

మద్దిలేటి పలక మీద నిజం రాయబోతున్నాడని తెలిసి వసంతశేఖరుడు లబోదిబోమన్నాడు. “ఎవరైనా తమ పేరుకు తామే నిప్పు పెట్టుకుంటారా? ఆరు రోజులు ఆగండి. పున్నమి దాటనివ్వండి.”

“ఏరు పున్నమి దాకా ఆగుతుందా సామీ?” అన్నాడు మద్దిలేటి. ఆయన చూస్తుండగానే పలక మీద రాశాడు. “నేను మద్దిలేటిని. తిరునాళ్ళలో నేను అమ్మిన ఎర్రతాడు పుట్టీలు మూడు. పూత ఆరకముందే పూసినా. రెండు మునిగినాయి. మూడోది ఎవరి దగ్గరుందో వాళ్ళు ఎక్కొద్దు, ఎవరినీ ఎక్కించొద్దు. ఉరుకుందు తాగడు, ఆయన రాసింది నిజం. నా మీద ఉన్న పొగడ్తలు నమ్మొద్దు.”

రాశాడు గానీ ఏం లాభం? తాను పేర్పించిన వంద పొగడ్తల అడుగున ఆ మాట పడింది. వసంతశేఖరుడి మనుషులు వసంతశేఖరుడి మాటే వింటారు. ఒక్క ‘నిజం’ కూడా పడలేదు. తవ్వుకున్న గోతిలో తానే పడ్డాడు.

మద్దిలేటి చెప్పులు వేసుకుని చేపలవాళ్ళ పేటకు నడిచాడు. ఉరుకుందు గుమ్మం ముందు కొత్త వల అల్లుతున్నాడు. తలెత్తలేదు.

“తప్పైపోయింది ఉరుకుందూ,” అన్నాడు మద్దిలేటి. నిలబడే సంగతంతా చెప్పాడు.

ఉరుకుందు వల పక్కన పెట్టాడు. “వల పోయిందానికి నేను ఏడవలేదప్పా. ఈ రెండు చేతులుండాయి, అల్లుకుంటా. నా బిడ్డ బడి నుంచి వచ్చి ‘నాయనా, నువ్వు తాగుతావంట గదా’ అని అడిగింది. ఆ బిడ్డకు నేనేం చెప్పాల?”

మద్దిలేటి పాపను పిలవమన్నాడు. ఏడేళ్ళ పిల్ల తలుపు చాటు నుంచి వచ్చింది. “మీ నాయన తాగడు తల్లీ. అబద్ధం రాయిస్తుంటే నేనే చూస్తా ఊరుకున్నా,” అన్నాడు. పిల్ల తండ్రి వైపు చూసి, అతని ఒళ్ళో కూర్చుంది.

కాసేపటికి ఉరుకుందు ఫోను తీశాడు. “నీకోసం నొక్కడం లేదు. ఆ పుట్టి ఎక్కేవాళ్ళ కోసం నొక్కుతున్నా,” అన్నాడు. నొక్కి, పేటలో ఇంటింటికీ తిరిగి అందరి చేతా నొక్కించాడు. ఆ రాత్రికి గిడ్డయ్య ఊరి నుంచి కూడా ‘నిజం’ పడింది. ఒక్కటి కాదు, ఆ ఊళ్ళో ఎన్ని ఫోనులున్నాయో అన్నీ. చేపల పేట, మేకల ఊరు, రేవు బజారు కలిసి వందను దాటాయి. మద్దిలేటి మాట పలక పైకి వచ్చి నిలిచింది.

చుక్కలు మాత్రం గలగలా రాలిపోయాయి. అయిదు మూడైంది, మూడు ఒకటిన్నర అయింది. పున్నమి వచ్చింది, నలభై పుట్టీల పని ఎగువ రేవు పనివాడికి పోయింది. మద్దిలేటి వాకిట్లో కొనేవాడు లేక పుట్టీలు బోర్లా పడి ఉన్నాయి. వసంతశేఖరుడు పొరుగు రాజ్యానికి తరలిపోయాడు. అక్కడి పలక మీద ఆయనకు అయిదు చుక్కలున్నాయని వినికిడి.

మద్దిలేటికి నలభై పుట్టీల దిగులు లేదు. మూడో పుట్టి దిగులే. ఏరు ఎర్రగా పొంగుతోంది. రోజూ రేవుకు వెళ్ళి, కిందికి కొట్టుకొచ్చే కొమ్మల్లో రెమ్మల్లో ఎర్రతాడు కనిపిస్తుందేమోనని భయంభయంగా చూసి వచ్చేవాడు.

పున్నమి వెళ్ళిన మూడో రోజు, పొద్దు బాగా ఎక్కాక, దారి వెంట ఒక పుట్టి నడిచి వచ్చింది. బోర్లించిన పుట్టి, దాని కింద రెండు కాళ్ళు. వాకిట్లోకి వచ్చి పుట్టిని దించితే, లోపల నుంచి ఒక నడివయసు ఆడమనిషి బయటపడింది.

“మద్దిలేటంటే ఎవరప్పా? నా పేరు ఈరమ్మ. రోజూ ఎనిమిది మంది ఆడోళ్ళను అవతలి మిరప చేలకు దాటిస్తా. మొన్న అందరూ ఎక్కి కూర్చున్నాక, ఒక పిల్ల ఫోను చూసి కెవ్వుమనింది. అందరినీ దించేసినా. రెండు దినాలు నడిచొచ్చినా, తిట్టి పోదామని.”

“తిట్టు తల్లీ,” అన్నాడు మద్దిలేటి. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుట్టి అడుగున బొటనవేలితో నొక్కాడు. అరచేతి వెడల్పున తారు ఊడి చేతిలోకి వచ్చింది. ఈరమ్మ ఆ తారునూ చూసింది, కింద కనబడుతున్న వట్టి గుడ్డనూ చూసింది. ఎనిమిది మందినీ తలుచుకుందో ఏమో, తిట్టడం మరిచిపోయింది.

సుంకులమ్మ ఆమెకు అన్నం పెట్టింది. మద్దిలేటి తన దగ్గరున్న పుట్టీలలో మేలైనదాన్ని తీసి, నీళ్ళలో దింపి, తానే ఎక్కి చూపించి, ఆమెకిచ్చాడు. గిడ్డయ్యకు మేకలూ, ఉరుకుందుకు పుట్టీ ఎప్పటిలోగా ఇస్తానన్నది పలక మీద రాశాడు, రాసినట్టే ఇచ్చాడు.

ఈరమ్మ వెళ్ళేముందు తానూ పలక మీద రాసింది. “పుట్టికి ఒక చుక్క. మాటకు నాలుగు. కూడుకోండి.”

దాని కింద ఎన్ని ‘నిజం’లు పడ్డాయో లెక్క లేదు.

వారం తిరక్కముందే రాజుగారి రేవు అధికారి మద్దిలేటి ఇంటికి వచ్చాడు. “ఎగువ రేవు నుంచి నలభై పుట్టీలు వచ్చాయి. నువ్వు అడుగు పట్టి చూసి సరేనన్నాకే వాటిని ఏట్లో దించమన్నారు రాజుగారు,” అన్నాడు.

“నేనా? నావి రెండు మునిగినాయి గదా దొరా!”

“ఆ పనివాడి పుట్టి ఒక్కటీ కారలేదని పలక చెబుతోంది. కారని పుట్టి ఈ రాజ్యంలో ఎక్కడైనా ఉందా? కారితే కారిందని చెప్పేవాడివి నువ్వొక్కడివే దొరికావు. జనాన్ని ఎక్కించేది మేము. మాకు నీలాంటివాడే కావాలి.”

మద్దిలేటి వెళ్ళి నలభై పుట్టీలనూ ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూశాడు. ఏడింటిని వెనక్కి పంపాడు. ఆ ఏడాది వరదల్లో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

కాబట్టి పిల్లలూ, పేరు కాపాడుకోవాలనుకునేవాడు ముందు ఆ పేరును నమ్మినవాళ్ళను కాపాడాలి.