నిలబెట్టిన రాయి

పొద్దు పొడిచి మూడు గడియలైంది. రాకుమారుడు మణిదీపుడు పడవలో చేరిన నీళ్లను కొబ్బరిచిప్పతో తోడి పోస్తున్నాడు. అది ఏడో సముద్రం, పేరు మధ్యధరా. తలెత్తి చూస్తే ఎదురుగా ఒక దీవి, దీవి అంచున ఒక కోట.

తూర్పు తీరంలో ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. కరాళుడనే మాంత్రికుడు ఈ కోటలో కూర్చుని ఆ రాజు ఓడలన్నిటినీ తగలబెట్టించేవాడు. వాణ్ని పట్టుకొస్తానని పెద్దవాడు రణధీరుడు బయల్దేరాడు, తిరిగి రాలేదు. అన్నను వెతుకుతానని రెండోవాడు గుణశేఖరుడు బయల్దేరాడు, తిరిగి రాలేదు. ఇద్దరినీ వెతుక్కుంటూ చిన్నవాడు మణిదీపుడు వచ్చాడు.

కోట వాకిట్లో ఒక అమ్మాయి సున్నం కలుపుతోంది. ఆమె పేరు థెక్లా. కోట కట్టిన మేస్త్రి కూతురు.

"ఇంకొకడొచ్చాడా?" అంది తల ఎత్తకుండానే. "ఏం రాకుమారా, ఇంట్లో అన్నం పెట్టడం లేదా?"

"మా అన్నలకోసం వచ్చాను."

థెక్లా తూర్పుగోడ చూపించింది. "వచ్చినవాళ్లందరూ అందులో ఉన్నారు. మా నాన్న కూడా. కరాళుడి ప్రాణం ఈ కోటగోడల్లో ఎక్కడో ఒక రాతి వెనక ఉంది. వెతకడానికి మూడు రోజులు గడువిస్తాడు. మూడో రోజు పొద్దు కుంకేలోగా దొరక్కపోతే నువ్వూ ఒక రాయివవుతావు. ఇప్పుడే వెనక్కి పోతే నిన్నెవరూ ఏమీ అనరు."

మణిదీపుడు పోలేదు.

మొదటిరోజు అతను సుత్తి పుచ్చుకుని రాయి తర్వాత రాయి కొట్టి చూశాడు. అన్నీ ఒకేలా మోగాయి. సాయంత్రానికి అరచేతులు బొబ్బలెక్కాయి.

రెండోరోజు గోడమీది ముసలి బల్లి పలకరించింది. "నాయనా, బలంతో అయ్యే పని కాదిది. దీని పుట్టుపూర్వోత్తరాలు తెలుసా? మొదట సముద్రపు దొంగలకు భయపడి జాలర్లు ఇక్కడ కర్రకోట కట్టారు. అది కాలిపోయింది. తర్వాత ఓడల వర్తకులు మట్టికోట కట్టారు. అది వానకు కరిగిపోయింది. మూడోసారి కరాళుడు మేస్త్రి మెడమీద కత్తి పెట్టి రాతికోట కట్టించాడు."

"వాడి ప్రాణం ఎక్కడుందో చెప్పు, తాతా."

"చోటు చెబితే నేనూ రాయినైపోతాను. ఒక్క మాట చెబుతాను. ఈ కోటలో రాళ్లన్నీ మేస్త్రి పేర్చినవే. ఒక్కటి మాత్రం కరాళుడు తన చేత్తో పెట్టుకున్నాడు."

మూడోరోజు మధ్యాహ్నం థెక్లా రొట్టె, ఆలివ్ కాయలు తెచ్చింది. తింటూ మణిదీపుడు అడిగాడు. "మేస్త్రి పెట్టిన రాయికీ, పని తెలియనివాడు పెట్టిన రాయికీ తేడా ఏమిటి?"

థెక్లా నవ్వింది. "అదేం ప్రశ్న? ఈ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున ఒండ్రు. పొరలు పొరలుగా పేరుకుంది. లోపలి గవ్వలు చూడు, అన్నీ పడుకునే ఉన్నాయి. భూమిలో ఎలా పడుకుందో గోడలోనూ అలాగే పడుకోబెట్టాలి. నిలబెడితే ఉప్పుగాలికి పొర తర్వాత పొర ఊడిపోతుంది. మా నాన్న నాకు మొదట నేర్పిన పని అదే."

చెబుతూ చెబుతూ ఆమె ఆగిపోయింది. ఇద్దరూ లేచారు. ఆమె ఉత్తరపు గోడ చూసింది, అతను దక్షిణపు గోడ చూశాడు. పొద్దు సముద్రాన్ని తాకబోతుండగా సింహద్వారం పైన కనిపించింది ఆ రాయి. అందులో గవ్వలన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. అంచు అప్పటికే పెళుసుబారి రాలుతోంది.

గునపంతో పెకలించారు. వెనక గూటిలో పచ్చని చిలుక.

కరాళుడు పరుగెత్తి రాలేదు. నింపాదిగా నడిచివచ్చాడు. "రాకుమారా, ఆ చిలకను నాకిచ్చెయ్. నీ అన్నలిద్దరినీ చెక్కుచెదరకుండా ఇస్తాను. అదిగో పెద్దవాడు, ఆ పక్కనే రెండోవాడు. చిలకను చంపితే గోడ కూలుతుంది. రాళ్లు పగిలితే నా పూచీ లేదు."

మణిదీపుడు చిలకను పట్టుకుని తూర్పుగోడవైపు చూశాడు.

"మా నాన్ననిస్తానని నాకూ మూడేళ్లుగా చెబుతున్నాడు," అంది థెక్లా.

మణిదీపుడు కళ్లు మూసుకుని చిలక మెడ విరిచాడు. కరాళుడు నిలుచున్నచోటే కూలాడు. తూర్పుగోడ కూలింది. దుమ్ములోంచి మనుషులు లేచారు, డెబ్బైముగ్గురు. మేస్త్రి తాపీ చేతబట్టుకుని లేచాడు. రణధీరుడు దగ్గుకుంటూ లేచాడు. గుణశేఖరుడు లేవలేదు.

శిథిలాలను మూడుసార్లు తిరగేశారు. అతనిది అనదగ్గ వస్తువొకటీ దొరకలేదు. మణిదీపుడు అన్నం ముట్టలేదు. "నా చేత్తోనే చంపుకున్నాను," అన్నాడు. రణధీరుడు తమ్ముడి భుజంమీద చెయ్యివేసి కూర్చున్నాడు.

తర్వాత మణిదీపుడు థెక్లాను పెళ్లి చేసుకున్నాడు. దీవివాళ్లు కోరితే అక్కడే రాజై యాభై ఏళ్లు ఏలాడు. తూర్పువైపు గోడ మళ్లీ కట్టించలేదు. అటు రేవు పెట్టించాడు. రణధీరుడు ఇంటికి వెళ్లి తండ్రి సింహాసనం ఎక్కాడు. ఇవన్నీ తర్వాతి సంగతులు.

గోడ కూలిన తొమ్మిదో రోజున ఐదో సముద్రం నుంచి ఒక జాలరి వచ్చాడు. అన్నదమ్ముల ఊరు, పేరు విని ఆశ్చర్యపోయి, తనకు తెలిసింది చెప్పాడు. గుణశేఖరుడు అసలు ఈ కోటకు రానేలేదు. ఐదో సముద్రంలో తుఫానుకు భయపడి వెనుదిరిగి, ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక, ఆ జాలరి ఊళ్లోనే వలలు అల్లుకుంటూ బతుకుతున్నాడు.