పారబోసిన రెండు బిందెలు

సోమవారం అర్జీల రోజు, నేను తీసిన సినిమా అబద్ధమని తేలిపోయింది.

సినిమా అంటే పెద్దదేం కాదు. నాలుగు నిమిషాలు. మా ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో గుట్టమీద కాలనీ ఉంది. ఇరవై రెండు ఇండ్లు. బోరింగు ఎండిపోయి రెండేండ్లయింది. ఆడోళ్లు కింద వంకలోకి దిగి నీళ్లు తెచ్చుకుంటారు. పుల్లమ్మవ్వ నిండు బిందె చంకన పెట్టుకొని గుట్ట ఎక్కేది తీసి ఫేస్‌బుక్కులో పెట్టినా. నాలుగు రోజుల్లో నలభై వేల మంది చూసినారు. ఎవరెవరో ఫోన్ చేసి మెచ్చుకున్నారు. నాకు కొత్తోళ్లతో మాట్లాడాలంటే సిగ్గు. ఊ, ఊ అని పెట్టేసినా. లోపల మాత్రం గాల్లో తేలినట్టే ఉన్నింది.

సోమవారం కాలనీవాళ్లు పైపులైను కోసం అర్జీ పట్టుకొని మండలాఫీసుకు పోయినారు. నేనూ పోయినా. నీళ్ల ఇంజనీరు సారు నా సినిమా చూస్తా చూస్తా మూడు తావుల ఆపినాడు.

"ఈడ ముసలామె నీడ ముందర పడింది. దీంట్లో కాళ్ల కింద ఉంది. దీంట్లో వెనకాల. ఒక్క బిందె మోసేకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టిందా? డ్రామా ఆడిచ్చినావా ఏమప్పా?"

అర్జీ పక్కకు పోయింది. సాయంత్రానికి ఆ మూడు నీడల చుట్టూ గుండ్రాలు గీసి, 'కాలనీ హీరోయిన్' అని ఎవరో ఫోన్లలో తిప్పినారు.

పీరాన్ సార్ స్టూడియోకు పోయినా. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు కెమెరా పట్టుకునేది నేర్పింది ఆయనే. పెండ్లిండ్లు తీసేది ఆయన దగ్గరే నేర్చుకున్నా. ఊరి రోడ్డు గురించి, చెత్త గురించి చిన్న సినిమాలు తీసి నలుగురికీ చూపించేది కూడా ఆయన్ను చూసే.

"వాళ్లకు మనసు లేదు సార్. నీళ్ల కష్టం వదిలేసి నీడలు చూస్తారా?"

సార్ సినిమా రెండుసార్లు చూసినాడు.

"ఎన్నిసార్లు ఎక్కిచ్చినావు?"

"మూడుసార్లు సార్. ఒకసారి ఫోకస్ పోయింది. ఒకసారి అవ్వ నా తట్టు చూసి నవ్వింది. మూడిట్లో బాగున్నవి ఏరి కలిపినా."

"నీళ్లు?"

"దిగేటప్పుడు బరువెందుకని పారబోయమన్నా. కింద నింపుకొని వచ్చింది. చానా సేపు పట్టింది సార్, నేను పైన నీడలో పడుకున్నా." సార్ ముఖం చూసి మళ్లీ అన్నా, "పెండ్లిలో తలంబ్రాలు సరిగ్గా పడకపోతే మళ్లీ పోయిస్తాం గదా?"

ఆయన తిట్టలేదు.

"పొద్దున ఆరింటికి రా. కెమెరా వద్దు. రెండు బిందెలు తీసుకరా."

మరుసటి పొద్దున ఇద్దరం వంకలోకి దిగినాం. నేను ఆడికి రావడం అదే మొదలు. నీళ్లు పారవు. ఇసకలో మోకాలి లోతు చెలమ తవ్వుకున్నారు. కొబ్బరి చిప్పతో మూడుసార్లు తోడితే అడుగు కనిపిస్తాది. మళ్లీ ఊరేదాకా కూర్చోవాల. ఆడోళ్లు బిందెలు వరసగా పెట్టుకొని కూర్చోనున్నారు.

"ఏం సాయిబూ," అనింది పుల్లమ్మవ్వ. "నన్ను హీరోయిన్ను చేసినారంట గదా. నువ్వు హీరోవా?"

అందరూ నవ్వినారు. నేను తల వంచుకున్నా.

"నా ముఖానికి ఎవరిస్తారు పుల్లమ్మక్కా," అన్నాడు సార్. "ఈ చెలమలో నాకు వంతు ఎప్పుడొస్తాది?"

"ఇంటికొక బిందె. అందరిదీ అయిపోయినాక ఇంకా ఊరితే, అది నీది."

"ఆ పొద్దు నువ్వు మూడు ముంచినావు గదా?"

అవ్వ చిప్ప తీసుకొని చెలమలోకి వంగింది. పక్కనున్న లచ్చుమక్క చెప్పింది. "ఒకటి నా వంతు. ఇంకొకటి ఈరమ్మది. పిల్లోడు మన కోసమే గదా వచ్చినాడని ఇచ్చినాం."

"మరి మీ ఇండ్లల్లో?"

"పొయ్యి ముట్టియ్యలేదు. బొరుగులు తిన్నాం."

"సినిమావాళ్లు అన్నం తినరంట గదా, నాజూగ్గా ఉండాలని!" అని ఈరమ్మ నవ్వింది.

"నోరు ముయ్యండే," అనింది అవ్వ మెల్లగా. "పిల్లోడు ఇంటాడు."

నేను రెండడుగుల దూరంలోనే ఉన్నా.

అందరి వంతులూ అయిపోయేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అప్పుడు సార్ ఇసకలో గొంతుక్కూర్చొని చిప్ప పట్టుకున్నాడు. ముంచేది, ఆగేది. ముంచేది, ఆగేది. నన్ను ముంచమనలేదు. రెండు బిందెలూ నిండినాక నేను రెంటికీ చేతులు చాపినా.

"ఒకటి నాది," అన్నాడాయన. "తలంబ్రాలు మళ్లీ పోయించేది నీకు నేర్పింది నేను."

గుట్ట ఎక్కినాం. సగానికే నా చంక ఒరుసుకుపోయింది. సార్‌కు అరవై దాటినాయి. యాడా దించలేదు. ఒక బిందె లచ్చుమక్క గడపలో, ఒకటి ఈరమ్మ గడపలో పెట్టినాం.

ఆ పొద్దు ఆయన నన్ను నాలుగు మాటలు అనుంటే, వారం రోజుల్లో మరిచిపోయి ఉందును. అనలేదు. అందుకే ఇప్పటికీ ఆయన్ను తలుచుకుంటే చేతులు వాటంతటవే కలుస్తాయి.

ఇంటికి పోయి ఫేస్‌బుక్కులోంచి సినిమా తీసేసినా. దాని తావలో రాసినా: 'అవ్వను మూడుసార్లు ఎక్కిచ్చింది నేను. రెండు బిందెలు పారబోయించింది నేను. అవ్వ నిజం, కాలనీ కష్టం నిజం.' చానామంది తిట్టినారు. నన్నే తిట్టినారు. అవ్వను వదిలేసినారు.

ఆ తర్వాత రోజూ పొద్దున చెలమ కాడికి పోయి ఊరికే కూర్చుంటి. ఐదో రోజు పుల్లమ్మవ్వ అడిగింది.

"ఏం నాయనా, కెమెరా అమ్ముకున్నావా?"

"లేదవ్వా."

"మరి తెచ్చుకో పో. ఊరికే కూర్చుంటే నీళ్లొస్తాయా?"

మరుసటి రోజు తెచ్చినా. ఎవరినీ ఏమీ చెయ్యమనలేదు. చెలమలో ఒక్క బిందె నిండేదాకా ఆపకుండా తీసి, అట్లే పెట్టినా. ఆరువందల మంది చూసినారు, అంతే. ఆ పై సోమవారం లచ్చుమక్క ఆ సినిమాను ఫోన్లో ఇంజనీరు సారు ముందర పెట్టించింది. ఆయన మొత్తం చూసినాడంట. బుధవారం జీపు వంక గట్టున ఆపి, చెలమ కాడికి నడుచుకుంటా వచ్చి, మూడు బిందెలు నిండేదాకా నిలబడినాడు.

రెండు నెలలకు కాలనీకి కొళాయి వచ్చింది. ఆ రోజు పుల్లమ్మవ్వ నా చేతిలో గ్లాసు పెట్టింది. ఒక్క చుక్క పారబోయకుండా తాగినా.

ఆ సాయంత్రమే ధైర్యం చేసి, రెండో సినిమా సార్‌కు చూపించినా. అంతవరకు సిగ్గుతో చూపించలేదు. చివర్లో అవ్వ నిండు బిందెతో నేరుగా నా మీదికే వచ్చి, భుజంతో నన్ను పక్కకు తోసి పోతాది. బొమ్మంతా ఊగిపోతాది. ఇసక, ఆకాశం, ఆమె వీపు.

"ఈడ చెడిపోయింది సార్. తీసేద్దామా?"

సార్ ఆ ముక్కే మళ్లీ పెట్టుకొని చూసినాడు.

"ఉండనీరా ఓబులేసూ. ఈడ ఆమె నీ కోసం ఆగలేదు."